బిగ్-బ్లాక్ గొంతు: పాత మజిల్ కారుకు ఎగ్జాస్ట్ ఎంపిక

1970 నాటి షెవర్లే షెవెల్ ఎస్ఎస్ బానెట్ ఎత్తితే, 454 ఇంజన్ ఉన్న కారైతే, లోపలి ఖాళీనంతా నింపేసి కనిపిస్తుంది ఆ ఇనుప దిమ్మ. 454 అంటే ఘనపు అంగుళాలు, లీటర్లలో 7.4. ఎనిమిది సిలిండర్లలో ఒక్కొక్కటి సుమారు 930 సీసీ. ఒకప్పుడు మన రోడ్లన్నీ నింపేసిన మారుతి 800 ఇంజన్ మొత్తం కలిపినా 796 సీసీయే. ఆ ఇంజనంతా దీని ఒక్క సిలిండర్‌లో పట్టి ఇంకా చోటు మిగులుతుంది. మరి ఇంత పెద్ద ఇంజన్ వదిలే పొగకు ఎంత పెద్ద గొట్టం పెట్టాలి?

పాత కారును కొత్తగా చేతికి తెచ్చుకున్నవారిలో చాలామంది జవాబు ఒకటే: ఎంత పెద్దది దొరికితే అంత. మూడంగుళాల జంట పైపులు, లావుపాటి హెడర్లు (ఒక్కో సిలిండర్ నుంచి పొగను విడిగా తెచ్చి కలిపే ఉక్కు గొట్టాల గుత్తులు), పేరుకు మాత్రమే ఉండే మఫ్లర్లు బిగిస్తారు. మొదటి రోజు వీధంతా మోగుతుంది. నెల తిరిగేసరికి అసలు సంగతి తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు మునుపటి ఊపు లేదు. హైవే మీద గంట నడిపితే తల దిమ్మెక్కుతోంది. పక్క సీటులో కూర్చున్నవారు రెండోసారి ఎక్కడానికి ఇష్టపడటం లేదు. రోడ్డు మీద తిరిగే బిగ్-బ్లాక్ కారుకు, అంటే ఇలాంటి పెద్ద ఇంజన్ దిమ్మ ఉన్న కారుకు, సరిపోయే ఎగ్జాస్ట్ దాదాపు ఎప్పుడూ యజమాని మనసు కోరినదానికంటే ఒక సైజు చిన్నదే. కారణం కొంత లెక్కలో ఉంది, కొంత ఆ ఇంజన్ స్వభావంలో ఉంది.

ముందుగా మాట గురించి ఒక మాట. మన మెకానిక్కులు సైలెన్సర్ అంటారు. అది బ్రిటిష్ వాడుక. అమెరికాలో మఫ్లర్ అంటారు. అయితే అక్కడ మఫ్లర్ అంటే శబ్దాన్ని తగ్గించే డబ్బా ఒక్కటే. మన వాడుకలో సైలెన్సర్ అంటే చాలాసార్లు ఇంజన్ దగ్గర నుంచి వెనుక బంపర్ దాకా ఉన్న గొట్టమంతా. ఈ వాడుకే నిజానికి మేలు. హెడరు, ముందు పైపు, రెండు పైపులను కలిపే అడ్డపైపు, మఫ్లరు, చివరి పైపు ఒకదాని మీద ఒకటి ఆధారపడి పనిచేస్తాయి. విడివిడిగా, నచ్చిన కంపెనీ నుంచి నచ్చిన ముక్క కొనుక్కుంటూ పోతే సామాను పోగవుతుంది తప్ప ఎగ్జాస్ట్ తయారుకాదు.

కాగితం మీది బలం

మజిల్ కార్లంటే 1960ల నడుమ అమెరికాలో పుట్టిన ఒక జాతి. మధ్యరకం కారు బాడీలో పెద్ద కారు ఇంజన్ దూర్చడమే అసలు సూత్రం. క్రైస్లర్ కంపెనీ 426 హెమీని 1966 నుంచి 1971 వరకు రోడ్డు కార్లలో ఇచ్చింది. దానికంటే చవకలో 440 ఇచ్చింది. ఫోర్డు 1968లో 428 కోబ్రా జెట్‌ను దింపింది. జనరల్ మోటార్స్ తన మధ్యరకం కార్లలో 400 ఘనపు అంగుళాలు మించకూడదని పెట్టుకున్న హద్దును 1970 మోడళ్లకు ఎత్తేసింది. అలా వచ్చినదే షెవెల్‌లో 454. ఎల్ఎస్5 రకానికి 360 హార్స్‌పవర్, ఎల్ఎస్6 రకానికి 450 అని కంపెనీ ప్రకటించింది.

ఎగ్జాస్ట్ కొనేవారిని దారి తప్పించేది ఆ అంకెలే. అవి అప్పటి స్థూల లెక్కలో కొలిచినవి. ఇంజన్‌ను స్టాండు మీద పెట్టి, ఫ్యాను, ఆల్టర్నేటరు వంటి బరువులు తీసేసి, కారులోని అసలు మఫ్లర్లు లేకుండా కొలిచేవారు. 1972 నుంచి అమెరికా కంపెనీలు అన్నీ బిగించి ఉండగా కొలిచే నికర లెక్కకు మారాయి. 1971లో జనరల్ మోటార్స్ రెండు అంకెలూ ప్రకటించింది. ఆ ఏడాది ఎల్ఎస్5కు స్థూలంగా 365, నికరంగా 285. అదే ఇంజన్, అదే ఏడాది, 80 తేడా. ఆ 80 అంతా మఫ్లర్లే మింగలేదు. ఫ్యానుకూ, ఎయిర్ క్లీనరుకూ వాటా ఉంది. అయినా 450 అనే అంకెను పట్టుకుని గొట్టాలు కొనడం అంటే కారులో ఎన్నడూ లేని బలానికి గొట్టాలు కొనడమే.

పోనీ, ఆ 450నే నిజమనుకుని లెక్కవేద్దాం. వర్క్‌షాపుల్లో వాడే ఒక మోటు లెక్క ఉంది. ఒక్కో హార్స్‌పవరుకు నిమిషానికి సుమారు 2.2 ఘనపు అడుగుల గాలి పారే దారి కావాలి. తిన్నని పైపులో ఒక్కో చదరపు అంగుళం దాదాపు 115 ఘనపు అడుగులను ఇబ్బంది లేకుండా వదులుతుంది. 450 హార్స్‌పవరుకు 990 ఘనపు అడుగులు. రెండు పైపులు కాబట్టి ఒక్కోదానికి 495. అంటే ఒక్కో పైపులో 4.3 చదరపు అంగుళాల ఖాళీ ఉంటే చాలు. మామూలు మందం ఉన్న రెండున్నర అంగుళాల పైపు లోపలి వైశాల్యం సుమారు 4.4. సరిగ్గా సరిపోయింది. మూడంగుళాల పైపులో 6.5 చదరపు అంగుళాల వరకు ఉంటుంది. అదే లెక్కన ఆ జత 670 హార్స్‌పవర్ దాటిన ఇంజన్‌కు కూడా చాలుతుంది. స్ట్రోకు పెంచి, కొత్త హెడ్లు పెట్టి, డ్రాగ్ రేసుకు తీసుకెళ్లే ఇంజన్ అయితే మూడంగుళాలు న్యాయమే. ఆదివారం ఉదయం కాఫీకి, నెలకోసారి కార్ల ప్రదర్శనకు వెళ్లే 454కు, 440కు రెండున్నర చాలు.

ఇక్కడ చాలామంది వదిలేసే విషయం ఒంపులు. పైపును ప్రెస్సు మీద వంచితే ఒంపు దగ్గర లోపలివైపు ముడతలు పడి గొట్టం నొక్కుకుపోతుంది. లోపల ఉక్కు దండం పెట్టి వంచితే ఒంపులో కూడా గుండ్రంగానే ఉంటుంది. దీన్నే మాండ్రెల్ వంపు అంటారు. వెనుక ఇరుసు మీదుగా ఎక్కి దిగే చోట ఈ తేడా కంటికి తెలుస్తుంది. ప్రెస్సు మీద వంచిన మూడంగుళాల పైపు ఆ చోట రెండున్నరకు దగ్గరయ్యేంతగా నొక్కుకుపోయి ఉంటుంది. పెద్ద సైజుకు పెట్టిన డబ్బు అక్కడే వృథా. అదే డబ్బుతో మాండ్రెల్ మీద వంచిన రెండున్నర పైపులు వస్తాయి, ఇరుసుకూ పెట్రోలు ట్యాంకుకూ తగలకుండా చోటూ మిగులుతుంది.

వెనుక ఒత్తిడి అనే పాత నమ్మకం

ఇంజన్‌కు కొంత వెనుక ఒత్తిడి (పొగను ఎదురుతోసే ఒత్తిడి) ఉండాలని, లేకపోతే బలం తగ్గుతుందని ఒక నమ్మకం తరాలుగా నడుస్తోంది. కంటికి కనిపించినది నిజమే. దానికి చెప్పుకున్న కారణం తప్పు. గొట్టం మరీ పెద్దదైతే కింది స్పీడులో టార్క్ (తిప్పే బలం) తగ్గడం చాలామంది చూశారు. కాని ఏ ఇంజనూ తన పొగను తానే బలవంతంగా తోసుకోవాలని కోరుకోదు. దానికి కావలసింది వేగం.

ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్న క్షణాన సిలిండర్‌లోంచి వేడి వాయువు ఒక ముద్దగా దూసుకుపోతుంది. ఆ ముద్ద వెనుక ఒత్తిడి పడిపోతుంది. దానితోపాటు ఒక ఒత్తిడి తరంగం గొట్టం వెంట సెకనుకు 500 మీటర్లకు పైగా వేగంతో వెళ్లి, గొట్టం వెడల్పయ్యే చోట తిరగబడి, పీల్చే తరంగంగా వెనక్కి వస్తుంది. ఇటు ఇంజన్‌లో ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకునే కొద్ది క్షణాలు ఉంటాయి. సరిగ్గా ఆ సమయానికి పీల్చే తరంగం చేరితే, మిగిలిపోయిన పొగను లాగేయడమే కాకుండా కొత్త గాలిని కూడా లోపలికి పిలుస్తుంది. హెడర్లు చేసే మేలు ఇదే. గొట్టం లావైతే వాయువు నెమ్మదిస్తుంది, లాగే శక్తి తగ్గుతుంది. ఇంజన్ బాగా తిరిగితే తప్ప ఆ వేగం మళ్లీ రాదు.

బిగ్-బ్లాక్ స్వభావం ఇక్కడే లెక్కలోకి వస్తుంది. ఎల్ఎస్5 ఇంజన్ 500 పౌండ్-అడుగుల టార్క్ ఇచ్చేది 3,200 ఆర్‌పీఎం దగ్గర. ఎల్ఎస్6 కూడా 3,600 దగ్గరే అంతే టార్క్ ఇస్తుంది. ఈ ఇంజన్లు నిత్యం బతికేది 1,500కూ 3,500కూ మధ్య. ఆరువేల ఆర్‌పీఎం కోసం ఎంచిన హెడరు పెడితే, ఏడాదికి ఐదు నిమిషాలు వాడే చోట నాలుగు గుర్రాలు కలిపి, రోజూ వాడే చోట పది తీసేసినట్టే. స్వల్ప మార్పులు చేసిన 454కు ఒక్కో గొట్టం ఒకటిముప్పావు అంగుళం గాని, ఒకటీ ఎనిమిదింట ఏడు వంతుల (1⅞) అంగుళాలు గాని ఉన్న పొడవాటి హెడర్లు, చివర ఆ గొట్టాలన్నీ కలిసే మూడంగుళాల కలెక్టరు బాగా నప్పుతాయి. రెండంగుళాల గొట్టాలు ఉన్న హెడర్లు రేసు ఇంజన్లవి.

ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తుంది

అమెరికన్ వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న ఇంజన్), కారు ఆగి ఉండి నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చేసే గుడ-గుడ-గుడ్ అనే ఎగుడుదిగుడు చప్పుడుకు చాలామంది వాల్వులను తెరిచే పెద్ద క్యామ్‌షాఫ్టే కారణమనుకుంటారు. దానికీ పాత్ర ఉంది గాని, మూలం పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్టులోనే ఉంది.

షెవర్లే, క్రైస్లర్ ఇంజన్లలో సిలిండర్లు మండే వరుస 1-8-4-3-6-5-7-2. బేసి సంఖ్యలన్నీ ఎడమవైపు, సరి సంఖ్యలన్నీ కుడివైపు. మొత్తం ఇంజన్‌ను చూస్తే ప్రతి 90 డిగ్రీలకు ఒక సిలిండర్ మండుతుంది. ఎక్కడా ఎగుడుదిగుడు లేదు. ఎడమవైపు పైపు దగ్గర చెవి పెడితే కథ వేరు. 1 మండాక 270 డిగ్రీలు నిశ్శబ్దం, అప్పుడు 3. మరో 180కి 5. వెంటనే, 90కే, 7. మళ్లీ 180కి 1. కుడివైపు కూడా ఇలాగే, 8 వెంటనే 4 వస్తుంది. తబలా తాళం తప్పకుండా మోగుతున్నా, రెండు చేతుల దెబ్బలను వేర్వేరు గదుల్లో విన్నట్టు ఉంటుంది. రెండు పైపులు చివరి వరకు ఎక్కడా కలవకపోతే ఈ అసమానత పూర్తిగా బయటికి వినిపిస్తుంది. అదే 1960ల నాటి గొంతు. ఫెరారీ వీ8లలో వాడే సమతల క్రాంకు రెండు వైపులకూ 180 డిగ్రీల సమాన విరామాలు ఇస్తుంది; అందుకే అది కీచుగా పాడుతుంది, ఇలా గుడగుడలాడదు.

ఇదంతా వినసొంపు కోసం చెప్పినది మాత్రమే కాదు. 5, 7 సిలిండర్లు వెంటవెంటనే ఒకే పైపులోకి ఊదినప్పుడు ఆ పైపు ఇరుకుగా మారుతుంది. అదే క్షణంలో అవతలి పైపు దాదాపు ఖాళీగా ఉంటుంది. రెండింటినీ కలిపే దారి పెడితే ఆ పోటు అవతలికి కొంత మళ్లుతుంది. రెండు పైపుల మధ్య ఒక అడ్డపైపు పెడితే అది హెచ్-పైపు. పైపులే ఒకదానికొకటి వచ్చి, తాకి, విడిపోతే అది ఎక్స్-పైపు. ఎక్స్‌లో రెండు వైపుల పొగా బాగా కలుస్తుంది కాబట్టి విరామాలు సమానమవుతూ స్వరం పలుచబడి పైకి లేస్తుంది. కొత్త కార్ల స్వరం ఇష్టపడేవారికి అది నచ్చుతుంది. పై స్పీడులో కొంచెం ఎక్కువ బలం కూడా రావచ్చు. 1970 షెవెల్‌కు మాత్రం హెచ్ నప్పుతుంది. కింది స్థాయి స్వరాన్ని నిలబెడుతుంది, కరుకుదనాన్ని తగ్గిస్తుంది, గేరుబాక్సు కింది అడ్డదూలం చుట్టూ అమర్చడమూ తేలిక. బలంలో రెండింటి తేడా చిన్నది. ఏదీ లేకపోవడానికి, ఏదో ఒకటి ఉండటానికి మధ్య తేడా పెద్దది. డబ్బు తక్కువైతే ఖరీదైన మఫ్లరు మానుకోవచ్చు గాని అడ్డపైపు మానుకోకూడదు.

హెచ్-పైపు ఎక్కడ పెట్టాలో కనిపెట్టే ఒక పాత కిటుకు ఇప్పటికీ పనికొస్తుంది. ముందు పైపుల మీద పొడవునా ఒక సన్నని రంగు గీత గీస్తారు. ఇంజన్‌ను వేడెక్కించి, కొన్నిసార్లు గట్టిగా రెచ్చగొట్టి ఆపేస్తారు. హెడరు దగ్గర రంగు పూర్తిగా మాడిపోయి ఉంటుంది. వెనక్కి పోయేకొద్దీ గోధుమరంగు, ఆపైన పొక్కులు, ఒక చోట నుంచి రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది. మాడటం ఆగిన చోటికి దగ్గరలో అడ్డపైపు వెల్డింగ్ చేస్తారు. ఆచరణలో గేరుబాక్సు, డ్రైవ్ షాఫ్టు ఎక్కడ చోటిస్తే అక్కడే పెట్టాల్సి వస్తుంది. ఒక అడుగు అటూఇటూ అయినా పెద్ద నష్టం లేదు.

మఫ్లరు, హైవే హోరు

మఫ్లర్లలో ప్రధానంగా మూడు తరహాలు. రంధ్రాలున్న తిన్నని గొట్టం చుట్టూ గాజునూలు కుక్కినది మొదటిది. పొగ అడ్డంకి లేకుండా పోతుంది. కొత్తలో బాగుంటుంది, నూలు కాలిపోయాక రొద పెరుగుతుంది. లోపల గదులు, అడ్డుగోడలు పెట్టి తరంగాలను ఒకదానితో ఒకటి ఢీకొట్టించి అణచేది రెండోది. దాని స్వరంలో లోహపు మొరటుతనం ఉంటుంది. మూడోది టర్బో మఫ్లరు అని పేరుపడినది. 1960లలో షెవర్లే కోర్వైర్ టర్బో కారుకు వేసిన మఫ్లరు పొగను బాగా వదులుతుందని కుర్రకారు కనిపెట్టి తమ వీ8లకు తగిలించుకున్నారు. పేరు అలా నిలిచిపోయింది. పొగ అందులో మెలికలు తిరిగి బయటికొస్తుంది, స్వరం మెత్తగా ఉంటుంది. రోడ్డు మీది బిగ్-బ్లాక్‌కు పెద్ద డబ్బా ఉన్న మంచి టర్బో మఫ్లరు ఇప్పటికీ నమ్మదగినదే. డబ్బా ఎంత పెద్దదైతే, బలం తినకుండా శబ్దాన్ని తగ్గించడం అంత సులభం. అందుకే కారు కింద పట్టినంత పొడవైనది పెట్టడం మేలు.

ఆ కాలంలోనే మెత్తటి స్వరం, గట్టి స్వరం రెండూ కావాలని ఆశపడిన కంపెనీ ఒకటి ఉంది. 1970 పాంటియాక్ జీటీఓకు డ్యాష్‌బోర్డు కింద ఒక పిడి ఇచ్చారు. దాన్ని లాగితే ఇంజన్ వాక్యూమ్‌తో మఫ్లర్లలో తలుపులు తెరుచుకునేవి. ఆ ఏడాది సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ ఆట మధ్యలో దాని ప్రకటన వేశారు. కంపెనీ పై అధికారులకు నచ్చలేదు, కొద్ది నెలలు తిరగకుండానే ఆ సదుపాయాన్ని ఆపించారు.

మఫ్లర్ ఎంపికలో అందరినీ దెబ్బతీసేది వీధిలో వినిపించే శబ్దం కాదు, ఒకే వేగంతో సాగిపోతున్నప్పుడు కారు లోపల కమ్ముకునే హోరు. దీన్ని ముందుగానే లెక్కవేయవచ్చు. వీ8లో ఒక చుట్టుకు నాలుగు సిలిండర్లు మండుతాయి. 3.31 గేరు నిష్పత్తి ఉన్న ఇరుసు, 27 అంగుళాల ఎత్తు టైర్లు, ఓవర్‌డ్రైవ్ (అదే వేగానికి ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పే పై గేరు) లేని పాత గేరుబాక్సు ఉన్న కారు గంటకు 65 మైళ్ల వేగంలో సుమారు 2,700 ఆర్‌పీఎం తిరుగుతుంది. అంటే సెకనుకు 180 పోట్లు. ఇప్పుడు పెట్రోలు ఆదాకోసం 0.70 ఓవర్‌డ్రైవ్ ఉన్న గేరుబాక్సు వేయించారనుకుందాం. అదే వేగానికి 1,900 కంటే తక్కువ ఆర్‌పీఎం, సెకనుకు 125 పోట్లు. కారు లోపలి గాలి, డిక్కీ రేకు, వెనుక అద్దం కలిసి మోగడానికి ఇష్టపడే స్వరస్థాయి సరిగ్గా ఈ చుట్టుపక్కలే ఉంటుంది. నిన్నటిదాకా బాగున్న మఫ్లర్లు ఈరోజు భరించలేనివైపోతాయి. తప్పు మఫ్లర్లదనుకుని వాటిని మార్చి, మళ్లీ మార్చి డబ్బు పోగొట్టుకునేవారు ఎందరో. గేరుబాక్సు మార్చే ఆలోచన ఉంటే ఎగ్జాస్ట్ పని దాని తర్వాతే పెట్టుకోవాలి.

ఈ హోరుకు మందు ఉంది. ప్రధాన పైపుకు పక్కగా, చివర మూసేసిన ఒక గొట్టాన్ని అతికిస్తారు. దాని పొడవు ఆ స్వరపు తరంగంలో నాలుగో వంతు ఉంటే, లోపలికి వెళ్లి తిరిగొచ్చిన తరంగం అసలు తరంగాన్ని కొట్టేస్తుంది. మఫ్లరు దరిదాపుల్లో పొగ 230 డిగ్రీల సెల్సియస్ ఉంటే శబ్దం సెకనుకు 450 మీటర్లు పోతుంది. 125 పోట్లకు ఒక్కో తరంగం 3.6 మీటర్లు, నాలుగో వంతు 90 సెంటీమీటర్లు. పొగ దానిలోంచి పారదు కాబట్టి బలం ఏమీ తగ్గదు. చోటు దొరకడమే కష్టం.

హెడర్లా, పోత ఇనుమా

హెడర్లు తప్పనిసరి అనుకోవడం కూడా అలవాటుగా వచ్చినదే. హెడర్ల చోట కంపెనీ బిగించి ఇచ్చిన పోత ఇనుప మానిఫోల్డులు బరువైనవి, పొగను అంత బాగా వదలవు. కాని కారవు, మాడవు, శబ్దాన్ని మింగుతాయి, వేడిని బయటికి చిమ్మవు. యాభై ఏళ్లు దాటినా పనిచేస్తున్నాయి. ఎల్ఎస్6 షెవెళ్లు తయారైనవి సుమారు నాలుగున్నర వేలే. అలాంటి కారు మీద అసలు మానిఫోల్డులు, వాటి మీద పోత తేదీ అచ్చులు ఉంటే, వాటిని ఊడదీసి ఏ మూలో పడేయడం ఒక చారిత్రక వస్తువును పాడుచేయడమే. ఆ మానిఫోల్డులకు రెండున్నర అంగుళాల పైపులు, ఒక హెచ్-పైపు, మంచి మఫ్లర్లు జోడిస్తే కారు బలానికి పెద్దగా లోటు రాదు. పాత ఇంజన్లలో చాలావాటికి మానిఫోల్డు కింద ఒక ఉష్ణ కవాటం ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూసుకుని వేడి పొగను కార్బురేటర్ కిందికి మళ్లిస్తుంది. అది తుప్పుపట్టి మూసుకునే ఉండిపోతే ఒకవైపు నాలుగు సిలిండర్లకు ఊపిరాడదు. కొత్త పైపులు కొనేముందు దాన్ని వేలితో తిప్పి చూడాలి. కొన్ని కార్లకు కావలసిన మరమ్మతు అంతే.

హెడర్లే కావాలనుకుంటే చోటు సంగతి ముందు చూసుకోవాలి. క్రైస్లర్ 440 కార్లలో ముందు చక్రాలకు స్ప్రింగులుగా పనిచేసే టార్షన్ బార్లు ఇంజన్‌కు రెండు పక్కలా వెనక్కి సాగుతాయి. హెడరు గొట్టాలు వాటి మధ్య పాముల్లా దూరాలి. స్టీరింగ్ పెట్టె, క్లచ్ లింకేజీ, ప్లగ్గు వైర్లు అన్నీ అక్కడే. షెవర్లేలో గోల స్టార్టర్‌తో. అది కుడివైపు హెడరు గొట్టాల పక్కనే ఉంటుంది, దాని సొలెనాయిడ్ (స్టార్టరుకు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్) నెత్తినే ఉంటుంది. ఎండాకాలం ఒక గంట నడిపి పెట్రోలు బంకులో ఆపి, మళ్లీ తాళం తిప్పితే టిక్కుమనే చప్పుడు తప్ప మరేమీ రాదు. ఇరవై నిమిషాలు చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. బ్యాటరీ మార్చినా ఫలితం ఉండదు. వేడిని ఆపే రేకు గాని, గేర్లున్న చిన్న స్టార్టరు గాని ముందే పెట్టుకోవాలి. హెడర్లకు సిరామిక్ పూత వేయించడం మంచి ఖర్చు. గుడ్డపట్టీ చుట్టడం మంచిది కాదు. అది తేమను పట్టి మామూలు ఉక్కును పైనుంచి తినేస్తుంది.

లోహం విషయం త్వరగా చెప్పుకోవచ్చు. మామూలు ఉక్కు చవక, త్వరగా తుప్పుపడుతుంది. అల్యూమినియం పూత ఉన్న ఉక్కు చాలామందికి చాలు. వెల్డింగ్ చేసిన చోట పూత కాలిపోతుంది కాబట్టి అక్కడ రంగు వేయాలి. 409 స్టెయిన్‌లెస్‌లో క్రోమియం సుమారు 11 శాతమే. పైకి తుప్పురంగు వచ్చినా లోతుగా తినదు. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. మెరుస్తుంది, మన్నుతుంది, ఖరీదెక్కువ. అది వేడికి ఎక్కువగా సాగుతుంది కూడా. నాలుగు మీటర్ల 304 పైపు 250 డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర సెంటీమీటరుకు పైగా పెరుగుతుంది. దాన్ని బిర్రుగా బిగించి వెల్డింగ్ చేస్తే ఎక్కడో ఒకచోట పగులుతుంది.

బిగింపులో చేసే అతి మామూలు తప్పు కారును పైకి లేపి పని చేయడంలో ఉంది. రెండు స్తంభాల లిఫ్టు మీద కారు ఉన్నప్పుడు వెనుక ఇరుసు కిందికి వేలాడుతూ ఉంటుంది. దాని మీదుగా పైపును అందంగా తిప్పి వెల్డింగ్ చేస్తారు. కారు నేల మీదికి దిగగానే ఇరుసు ఒక చేతివెడల్పు పైకి లేచి పైపుకు ఆనుకుంటుంది. మొదటి గుంతలోనే డంగ్‌మని మోగుతుంది. కొలతలన్నీ చక్రాల మీద బరువు ఉండగా తీసుకోవాలి, సస్పెన్షన్ కదిలే దూరం కలుపుకోవాలి. ఇంజన్ కూడా నిశ్చలంగా ఉండదు. 500 పౌండ్-అడుగుల టార్క్ ఒక్కసారి వచ్చినప్పుడు ఎడమవైపు పైకి లేస్తుంది. పైపును వేలాడదీసే రబ్బరు పట్టీలు ఆ కదలిక కోసమే.

చివరి పైపును ఇరుసుకు ముందే ముగించడం డబ్బు ఆదా అనిపిస్తుంది, శబ్దమూ గట్టిగా వస్తుంది. అది చేయకూడని పని. ఈ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్లు లేవు. అవి అమెరికాలో 1975 మోడళ్లతో విస్తృతంగా వచ్చాయి. కార్బురేటర్ ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ చాలా ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. యాభై ఏళ్ల డిక్కీ రబ్బరులో, నేల రేకులో సందులు ఉండని కారు అరుదు. వెనుక సీటులో పిల్లలు నిద్రపోతున్నారని అనుకునే ప్రయాణంలో అసలు జరుగుతున్నది వేరే కావచ్చు. పైపులు బంపరు దాటి బయటికి రావలసిందే.

చట్టం మాట కూడా అడిగి తెలుసుకోవాలి. కాలిఫోర్నియా 1975, అంతకు ముందు మోడళ్లను పొగ పరీక్ష నుంచి మినహాయించింది గాని, శబ్దానికి 95 డెసిబెళ్ల హద్దు పాత కార్లకూ వర్తిస్తుంది.

ఎగ్జాస్ట్ తేలికపడితే ఇంజన్ మరింత గాలి పీలుస్తుంది; కార్బురేటర్ జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే చిన్న రంధ్రాలు) పాతవే అయితే పెట్రోలు పాలు తగ్గి మిశ్రమం పలుచబడుతుంది. అందుకే హెడరు కలెక్టరులో ఆక్సిజన్ సెన్సరుకు ఒక గుబ్బను ముందే వెల్డింగ్ చేయించుకోవాలి. పూర్తి థ్రాటిల్‌లో గాలి-పెట్రోలు నిష్పత్తి 12.5కూ 13కూ మధ్య నిలిచేలా జెట్లు మార్చాకే కొత్త పైపుల ఫలితం నిజంగా తెలుస్తుంది.

బిగింపు పూర్తయిన మర్నాడు ఉదయం, ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్టు చేసి, ఒకరు మందపాటి గుడ్డతో చివరి పైపులను రెండు క్షణాలు అదిమి పట్టుకోవాలి. మరొకరు బానెట్ కింద వినాలి. టిక్-టిక్-టిక్ అని వాల్వు చప్పుడులా వినిపిస్తే అది వాల్వు కాకపోవచ్చు. హెడరు ఫ్లాంజి అంచున, గ్యాస్కెట్ పక్కన, గోరంత నల్లటి మసి మరక కోసం చూడాలి. ఆ బోల్టులను వేడి-చల్లారింపుల తర్వాత రెండు మూడుసార్లు మళ్లీ బిగించాల్సిందే; ఆ మరక కనిపించడం మానేదాకా.